పడవ పంపిన గళ్లు

పొయ్యి, పంపు, పడవ, ఏదైనా టెర్మినల్‌లో టైపు చేస్తేనే మాట వినే రోజులవి. భీమిలిలో నూకరత్నం వద్దంటున్నా వినకుండా కూతురు పైడమ్మ తొలిసారి ఒంటరిగా వేటకెళ్లింది. మధ్యాహ్నానికి గాలి పెరిగింది. వంటింటి గోడమీది టెర్మినల్ నల్లతెరకు పడవ నుంచి కబుర్లు వస్తూనే ఉన్నాయి, కానీ అక్షరాలకు బదులు అన్నీ ఖాళీ గళ్లే.

నూకరత్నం చేపలు కోసిన చేతులు కొంగుకు తుడుచుకుని, ఇప్పుడున్న అక్షరాల ఫాంటేదో టెర్మినల్‌నే అడిగింది. రాత్రి అప్‌డేట్‌తో కొత్తది వచ్చి కూర్చుంది. అందులో తెలుగే లేదు. తెలుగున్నది పెడితే అక్షరాలు ఒకదానిమీదొకటి ఎక్కాయి. తిట్టుకుంటూ ఇంకోటి పెట్టి, సైజు తగ్గించింది.

గళ్లన్నీ మాటలయ్యాయి.

"గాలి తిరిగిందమ్మా, వచ్చేత్తన్నాను."

దాని కింద, "ఉలుకూ పలుకూ నేదేటి? ఇంకా కోపమేనా?"

నూకరత్నం కళ్లొత్తుకుని టైపు చేసింది: "కోపం నీమీద కాదే, ఈ డబ్బామీద. కూరొండేసినాను, బేగి రా."