రోకలి మీద రివ్యూ

“నర్సింహన్నా, గట్ల ఒర్రకు! నువ్వెంత ఒర్రినా సుష్మ మేడమ్‌కు ఇనవడదు,” టికెట్ల గదిలోంచి ప్రవీణ కేకేసింది.

నాచారం మ్యూజియం గైడ్ బాలనర్సింహ నోరు ఠక్కున మూతపడింది. సైగల భాష రాదు. కానీ ఆదివారమొస్తే ఉప్పల్ గల్లీ క్రికెట్‌లో అంపైరింగ్ చేసే చేతులు ఊరుకుంటాయా? ఎప్పటిలాగే గాజు పెట్టెకు వీపు పెట్టి నిలబడి, గాల్లో కత్తి దూశాడు. శత్రువు మెడ తెగిందని చూపించి, చూపుడువేలు పైకెత్తాడు.

అవుట్!

మ్యూజియం చూడటానికి వచ్చిన సుష్మ పడీ పడీ నవ్వింది. నవ్వు ఆపుకుని, అంపైర్ తీర్పును మళ్లీ చూడమనే ఆటగాడిలా రెండు చేతులూ టీ అక్షరంలా పెట్టింది.

“ఏందీ, నా మీదనే రివ్యూనా?”

ఆమె అతని వెనక్కి వేలు చూపించింది. బాలనర్సింహ తిరిగి చూశాడు. పెట్టెలో కత్తి లేదు. నున్నటి రోకలి ఉంది.

“ప్రవీణా! కత్తి ఏడవోయింది?”

“దసరాకు రంగులేసినప్పుడు అవతలి అర్రలకు మార్చిన్రు గదన్నా.”

“అంటే గప్పటి సంది రోకలి ముంగట నిలవడి కత్తి కథ జెప్తున్ననా? గింతమంది ఇన్నరు, ఒక్కరన్న అడగలే!”

“ఇన్నరన్నా, సూడలే. నువ్వు సూసినవా?”

బాలనర్సింహ చేతులు రెండూ ఎదురు భుజాల మీద అడ్డంగా పెట్టుకుని, తన తీర్పును తానే రద్దు చేసుకున్నాడు. తర్వాత మెల్లగా వచ్చి, సుష్మ పక్కన, పెట్టె వైపు తిరిగి నిలబడ్డాడు.

సుష్మ అతన్ని ఎగాదిగా చూసి, నింపాదిగా చూపుడువేలు పైకెత్తింది.