ఖాళీ షీటు చూపించు

పాప తల్లి మాత్రల షీటుకి సరిగ్గా మధ్యలో కత్తెర పెట్టింది.

అంతలో ఎవరో ఆమె మణికట్టు పట్టుకున్నారు. తలెత్తి చూస్తే నోరుతెరువక్క.

అసలు పేరు క్వారీలో ఎవరికీ తెలియదు. సరిహద్దు గేటుకి అవతలి మనిషి. పొద్దున్నే గేటు దాటి వచ్చి, రేకుల షెడ్లన్నీ తిరిగి, మలేరియా జ్వరం ఉన్నవాళ్ల చేత తన కళ్లముందే మాత్ర మింగించేది. మింగాక "ఏదీ, నోరు తెరువు" అని నాలుక కింద కూడా చూసేది. మూడో రోజు ఖాళీ షీటు చూపించే దాకా గుమ్మం వదిలేది కాదు.

జీతం లేదు, బత్తెం లేదు, ఈ పెత్తనం ఎవరిచ్చారని అందరూ విసుక్కునేవాళ్లు.

పాప తల్లికీ ఒళ్లు మండింది. నిన్న ఒక్కరోజు మాత్రలు వేస్తేనే పాపకి జ్వరం దిగింది. లేచి ఆడుకుంటోంది కూడా. పక్క షెడ్డులో తోడికోడలి కూతురు, అదే ఈడు పిల్ల, దుప్పటి కప్పుకుని వణుకుతోంది. పరీక్షకి తీసుకెళ్తే మందుల గది ముందు వరసలోనే సగం రోజు పోతుంది. ఆలస్యంగా వస్తే మేస్త్రీ పనిలోకి రానివ్వడు. ఇంట్లో మందుంచుకుని ఆ పిల్లని అలా వదిలేస్తే తనూ ఒక మనిషేనా?

"అన్నం పంచుకో, కాదనను. మందు పంచుకోకు," అంది నోరుతెరువక్క. "పాముని సగం కొట్టి వదిలితే పగబట్టి తిరిగొస్తుంది. ఈ జ్వరమూ అంతే. మూడు రోజుల మందూ నీ పిల్ల కడుపులోకే పోవాలి. ఆ పిల్లని నేనెత్తుకెళ్లి వరసలో నిలబడతా."

"మా ఇంట్లో పిల్లల్ని వేరుగా చూడం. నీకూ పిల్లలుంటే తెలిసేది."

నోరుతెరువక్క మణికట్టు వదిలేసింది.

తర్వాత కత్తెర లాక్కుని తన సంచిలో వేసుకుంది.

"ఏమన్నా అనుకో. ఇది మాత్రం ఇవ్వను."

కత్తెర లేకపోతే చేతులు లేవా? ఆమె వెళ్లగానే పాప తల్లి షీటుని విరిచి సగం తోడికోడలికిచ్చింది. ఆ ఊపుమీదే వెళ్లి మేస్త్రీకి ఫిర్యాదు చేసింది.

మేస్త్రీ ఎప్పుడెప్పుడా అని చూస్తున్నాడు. ఈవిడ వల్ల రోజూ పది నిమిషాల పని పోతోందని అతని బాధ. మందుల గది కాంపౌండరుది ఇంకో బాధ. మాత్రలిచ్చిన రోజే రిజిస్టర్లో 'తగ్గింది' అని రాసేస్తాడు. మూడో రోజు తేలాల్సింది మొదటి రోజే ఎలా రాశావని ఆవిడ నలుగురిలో అడిగేసింది. ఇద్దరూ ఒక్కటై, ఆమెని లోపలికి రానివ్వొద్దని గేటులో చెప్పారు.

మర్నాడు కాపలావాడు పాసు లేదని ఆపాడు.

"నాకు లేదు సరే," అంది ఆమె. "ఆ దోమ ఏ పాసు చూపించి వెళ్తోందో కనుక్కో."

గేటు దగ్గర వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. అక్కడే ఉన్న కాంపౌండరు నవ్వలేదు.

ఆరు రోజులు ఆమె కంచె అవతల నిలబడి, ఒక్కో షెడ్డునీ పిలిచి మరీ, ఖాళీ షీటు చూపించమని కేకలేసింది. ఎవరూ చూపించలేదు. ఏడో రోజు ఆమె రాలేదు. పీడ విరగడైందనుకున్నారు.

ఇరవై రోజులకి ఇద్దరు పిల్లలకీ జ్వరం తిరిగొచ్చింది.

ఈసారి ఎవరి షీటు వాళ్లకే. మూడు రోజులూ ఒక్క మాత్ర తప్పకుండా మింగించారు. జ్వరం లెక్కచేయలేదు. నాలుగో రోజుకి పిల్లలు పిలిస్తే పలకడం లేదు.

మేస్త్రీ లారీ ఇవ్వనన్నాడు. పాప తల్లి వెళ్లి చక్రం ముందు కూర్చుంది. చివరికి పిల్లల్ని ఎక్కించుకుని లారీ కదిలింది, పట్నం ఆసుపత్రికి.

అక్కడ వేరే మందు నరాల్లోకి ఎక్కించారు. అయిదో రోజుకి పిల్లలు కళ్లు తెరిచారు.

"సరిహద్దు పొడవునా ఈ మాత్రలకి జ్వరం లొంగడం మానేసిందమ్మా," అన్నాడు డాక్టరు. "సగం సగం మింగి దాన్ని ముదరబెట్టారు. మీ క్వారీ ఒక్కదాంట్లోనే ఇన్నాళ్లూ లొంగింది. ఎందుకో మాకు అంతుబట్టలేదు."

పాప తల్లికి అంతుబట్టింది. ఆ రాత్రంతా తనని తాను తిట్టుకుంది.

తిరిగొచ్చాక పాప తల్లి కాంపౌండరు ఎదురుగా నిలబడి, తన పాప పేరు పక్కనున్న 'తగ్గింది' కొట్టేసేదాకా కదల్లేదు. మర్నాడు పొద్దున్నే షెడ్లన్నీ తిరగడం మొదలుపెట్టింది. నోరు తెరువు. ఖాళీ షీటు చూపించు.

ఇలా తిరిగితే పనిలోంచి తీసేస్తానన్నాడు మేస్త్రీ.

"తీసెయ్. రాళ్లు ఎక్కడైనా ఉంటాయి. పిల్లలు ఎక్కడ దొరుకుతారు?"

అతను తీసేయలేదు. అప్పటికి ఆమె వెనక ఇంకో నలుగురు ఆడవాళ్లు తిరుగుతున్నారు.

సెలవు రోజున పాప తల్లి గేటు దాటింది. కాళ్లు పట్టుకునైనా సరే, ఆవిడని వెనక్కి తీసుకురావాలి.

నోరుతెరువక్క గదికి తాళం వేసి ఉంది.

"ఈ గేటు కాకపోతే ఇంకో గేటు అని పైనున్న కూలీల క్యాంపుకి వెళ్లిపోయింది. రెండు రోజుల నడక," అంది పక్కింటి ముసలమ్మ. లోపలికెళ్లి ఒక కత్తెర తెచ్చింది. "ఎప్పటికైనా దీని మనిషి వస్తుంది, ఇమ్మని చెప్పింది. నువ్వేనా?"

పాప తల్లి కత్తెర అందుకుంది. అంత దూరం ఒక్కతే ఎలా వెళ్లింది, ఆమెకి నా అన్నవాళ్లెవరూ లేరా అని అడిగింది.

"ముగ్గురు పిల్లలుండేవాళ్లమ్మా. ముగ్గురికీ ఒకేసారి ఈ జ్వరమే వస్తే, దొరికిన ఒక్క షీటునీ తన చేత్తోనే కత్తిరించి, ఎవరికీ తక్కువ చేయకుండా సమానంగా పంచింది."