వెళ్ళొస్తానంది

అమెరికాలో, క్యారీ ఊళ్లోని అపార్ట్‌మెంట్‌లో, ఆ రాత్రి ఛాయాదేవి ల్యాప్‌టాప్ ముందు మండిపడుతోంది. ఐరోపాలో స్లావు జాతులను క్రైస్తవంలోకి ఎలా మార్చారో ఎనిమిది వందల ఏళ్ల కిందట ఒక చర్చి ఫాదర్ రాసిన పుస్తకాన్ని తెలుగు చేస్తోంది.

"చూడు ఫణీ! వాళ్లు పూజించే వనం నరికించి, పైగా అందులో ఉన్న అమ్మవారిని దయ్యం అంటాడా ఈ ఫాదర్? 'ఆ దయ్యం ఊరొదిలి పోయింది'ట! ఎవరమ్మను ఎవరు పొమ్మనేది?"

"నీకెందుకు? ఉన్నదున్నట్టు ట్రాన్స్‌లేట్ చేసి పంపెయ్," అన్నాడు పక్క గదిలోంచి భర్త ఫణికుమార్.

'దయ్యం' అలాగే ఉంచింది. 'పోయింది' అని టైప్ కొట్టడానికి మాత్రం చేతులు రాలేదు. మనింట్లో ఎవరైనా గుమ్మం దాటుతూ అనే మాటే రాసింది: 'వెళ్ళొస్తానంది.'

కాలింగ్ బెల్ మోగింది. ఫోన్‌లో గుమ్మం కెమెరా చూస్తే బయట ఎవరూ లేరు. డోర్‌మ్యాట్ మీద అప్పుడే నరికిన చెట్టు పేళ్లు ఉన్నాయి.

"వచ్చానమ్మా," అంది ఫోన్ స్పీకర్‌లో ఒక ఆడగొంతు, తెలుగులోనే. "నన్ను దయ్యమని రాసిందెవరు?"

ఛాయాదేవి స్క్రీన్ వైపు చూసింది. ఫాదర్ పేరు ఇంకా టైప్ చెయ్యలేదు. పేజీ పైన ఉన్నది తన పేరొక్కటే.