దిగితే మెట్లే

జమునక్కా, నేను చదివింది అయిదో తరగతే. తప్పులుంటే, అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకండి.

మా ఆయన వాచ్‌మన్‌గా చేసే ఆడపిల్లల హాస్టలుకు ఈ పొద్దున తనిఖీ సారు వచ్చాడు. మంటలు లేస్తే దిగడానికి రెండో మెట్లదారి ఉండాలట. యజమాని వెనుక గోడకున్న ఇనుప నిచ్చెన చూపించాడు.

"ఇది నిచ్చెన గదయ్యా. మెట్లంటే ఎట్ల?" అన్నాడు సారు.

"ఆడమనిషి దిగితే మెట్లే గద సార్." యజమాని ఊడుస్తున్న నన్ను పిలిచాడు. "పైకి పోయి దిగు చెల్లె. హాస్టల్ మూతవడితే మీ ఆయన నౌకరి గూడ పోతది."

మూడో అంతస్తు. కొంగు నడుముకు చుట్టుకున్నాను. కింద మగవాళ్లందరూ పైకే చూస్తున్నారు. చెమటకు చేతులు జారుతున్నాయి. ఎలా దిగానో తెలియదు.

"మంచిగనే దిగింది. మెట్లే అని రాస్త తియ్," అని సారు నవ్వాడు. మా ఆయన కూడా నవ్వాడు.

అక్కా, అప్పుడు పొగ లేదు, చీకటి లేదు. వెనుక నుంచి ఎవరూ తోయలేదు. మీ బిడ్డ పడుకునేది ఆ మూడో అంతస్తులోనే. నేను దిగాను కాబట్టి ఇక ఎవరూ అడగరు. వచ్చి తీసుకుపొండి.

నేను రాశానని తెలిస్తే మాకు నిలువ నీడ ఉండదు. చదవగానే కాల్చేయండి.