కప్పకారు ఎడమకన్ను

ఎర్రకారు ఒక్క కన్ను తెరిచి, ఒక్క కన్ను మూసి ఉంది.

ఆదిలాబాద్‌లో మూతపడ్డ జిన్నింగ్ మిల్లు. రేకుల షెడ్డు. పన్నెండేళ్ల దుమ్ము.

"కొత్త బ్యాటరీ ఏసిన కాకా. స్విచ్చేస్తె ఎడమ లైటు లేస్తుంది, కుడిది లేస్తలేదు," అన్నాడు సంతోష్‌రావు, డ్రైవరు సీట్లోంచి.

"నాకు చెప్తున్నవా?" అన్నాడు బుచ్చిరాములు.

ఆ మిల్లు నడిచిన రోజుల్లో కరెంటు పనీ అతనిదే, ఆ కారు నడపడమూ అతనిదే.

"రేపు పదింటికి నాగపూర్ నుంచి కొనేటాయన వస్తడు. రెండు లైట్లు ఒక్కసారే లేవాల్నట. లేకుంటె వద్దంటుండు."

"మీ నాయిన ఉన్నన్ని దినాలు ఒక్క కన్నుతోనే తిరిగింది. అప్పుడు ఎవనికి అడ్డమొచ్చింది?"

"పార్టు దొరుకుతలేదని నాయినకు చెప్పినవట గద."

"దొరకలే."

అబద్ధం.

కుడి లైటును పైకి లేపే మోటారు దగ్గర ఎర్తు తీగ తెగి ఉంది. ఐదు నిమిషాల పని. ముప్పై ఐదేళ్లుగా బుచ్చిరాములు ఆ ఐదు నిమిషాల పని చేయలేదు.

అది జపాన్ కారు. సంతోష్‌రావు తండ్రి శ్యాంసుందర్‌రావు బొంబాయి నుంచి తెచ్చాడు. పగలు లైట్లు బానెట్ లోపల దాక్కునేవి. స్విచ్ వేస్తే మూతలు లేచి, కప్ప గుడ్లలా పైకొచ్చేవి. పత్తి బండ్లవాళ్లు ఎద్దుల్ని ఆపి మరీ చూసేవాళ్లు. ఊరు దానికి కప్పకారు అని పేరు పెట్టింది.

ఇప్పటి కార్లంటే బుచ్చిరాములుకు ఒళ్లు మంట. పగలూ రాత్రీ కళ్లు తెరుచుకునే తిరుగుతాయి. సిగ్గులేని ముఖాలు.

ఒక పత్తి సీజన్లో, పొద్దుగూకే వేళ, మిల్లు గేటు ముందు మొదటిసారి ఒక్క లైటే లేచింది.

స్టీరింగ్ వెనక బుచ్చిరాములు. ఎదురుగా నెత్తిన పత్తి గంపతో అనసూర్య.

కూలీ ఆడవాళ్లు గొల్లుమన్నారు. "ఏందే అనసూర్యా, కప్పకారు నీకు కన్ను కొట్టవట్టె!"

ఆమె గంప దించింది. వచ్చి బానెట్ మీద అరచేత్తో ఒక్కటి చరిచింది.

"దమ్ముంటె నీ కన్నుతోని కొట్టు. కారు కన్నుతోని ఏందిరా?"

తీగ తెగిందని చెప్పొచ్చు. చెప్పలేదు. తల వంచుకుని తిట్లన్నీ తిన్నాడు.

ఆ ఎండాకాలం పెళ్లయింది.

చీకటి పడితే కారు దిగి, బానెట్ ఎత్తి, మోటారును చేత్తో తిప్పి కుడి లైటును లేపేవాడు. దొర బూతులు తిట్టేవాడు. బూతులు పడ్డాడు గానీ తీగ కట్టలేదు.

సాయంత్రం కారు గేటు దాటేటప్పుడు అనసూర్య చూసేది. చూసి మూతి తిప్పుకునేది.

ముప్పై ఒక్క ఏళ్ల కాపురం. చుట్టాలెవరు వచ్చినా ఆమెది అదే మాట. "గీయన మొగోడా? కన్ను కొట్టెతందుకు గూడ కారు కావల్సొచ్చె."

అందరూ నవ్వేవాళ్లు. బుచ్చిరాములు నవ్వేవాడు కాదు.

ఆమె చేసుకున్నది ధైర్యమున్న మగవాణ్ని. అలాంటి మగవాడెవడూ లేడు. తెగిన తీగ ఉంది.

ఆస్పత్రి మంచం పక్కన నిజం నోటిదాకా వచ్చింది. మింగాడు.

ఆమె పోయి నాలుగేళ్లు.

బుచ్చిరాములు కారు పక్కన కూర్చుని, సంచి విప్పి పానా తీశాడు.

షెడ్డు గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది రుక్మాబాయి, సంతోష్‌రావు తల్లి. ఎనభై దాటాయి. చెవులు సరిగ్గా వినపడవు. నోరు మాత్రం బాగానే ఉంది.

"ఏం బుచ్చిరాములూ, ఇప్పుడన్న గా తెగిన తీగ కడ్తవా?"

అతని చేయి ఆగిపోయింది.

"తీగ సంగతి మీకెట్లెర్క దొరసానీ?"

"నీ పెండ్లామే చెప్పింది."

"ఎప్పుడు?"

"మీ పెండ్లికి ముంగటనే. నేనే పిలిచి చెప్పిన. పిల్లా, ఆగమైతవ్, గా కారు తెల్లారి మన తహసీల్దారుకు గూడ కన్ను కొట్టింది, అన్న. 'నాకెర్కే దొరసానీ, గేటుకాడి బర్రెకు గూడ కొట్టింది. ఏదో తీగ తెగినట్టుంది' అన్నది."

సంతోష్‌రావు పగలబడి నవ్వాడు.

బుచ్చిరాములు నవ్వలేదు. "మల్ల నాకెందుకు చెప్పలే?" అని గట్టిగా అడిగాడు, ఎదురుగా ఉన్నది రుక్మాబాయి కానట్టు.

"నీకు చెప్పొద్దని నాతోని ఒట్టేయించుకున్నది. 'గంత మందిల నా తిట్లు పడ్డడు గని తీగ మీదికి నెట్టలే దొరసానీ. చెప్తె పరేషానైతడు' అన్నది. ఇప్పుడు అదే పాయె. ఇంకేం ఒట్టు?"

షెడ్డు రేకుల మీద కోతి ఒకటి దబదబా పరుగెత్తింది.

"దొంగది," అన్నాడు బుచ్చిరాములు.

లేచాడు. నడుం పట్టుకుని కారు ముందుకు నడిచాడు. పది అడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాడు.

ఆ లైటు లేచినప్పుడల్లా అతను స్టీరింగ్ వెనకే ఉన్నాడు. ఎదురుగా నిలబడి ఒక్కసారీ చూడలేదు.

"చిన్నదొరా, బంద్ చేసి మల్ల స్విచ్చెయ్యి."

ఎడమకన్ను మూసుకుంది. తర్వాత మెల్లగా తెరుచుకుంది.

"ఇంకొకసారి."

మూసుకుంది. తెరుచుకుంది.

"ఇంకొకసారి."

"అరే కాకా, బ్యాటరీ దిగుతది! ఇంతకు బాగైతదా, కాదా?"

బుచ్చిరాములు వచ్చి పానాను సంచిలో వేసుకున్నాడు.

"రేపు తొమ్మిదింటికి వచ్చి చేస్త," అన్నాడు. "ఇయ్యాల గట్లనే ఉండనీ."