నీళ్ళు మరిచిన లెక్క

ల్యాబ్‌లో అందరికీ పెద్దక్క అయిన సీనియర్ కాగితం ముక్క అందించింది. “వన్ పాయింట్ వన్ టూ ఫైవ్ గ్రాములు. తూచెయ్యవే పిల్లా.”

ట్రైనీ కాగితం చూసింది. మళ్ళీ తప్పే!

కావలసింది డెసినార్మల్, అంటే పదోవంతు నార్మల్ బలం ఉన్న ఆగ్జాలిక్ యాసిడ్ ద్రావణం, రెండువందల యాభై మిల్లీలీటర్లు. నార్మాలిటీని తుల్యభారంతో, మిల్లీలీటర్లతో గుణించి వెయ్యితో భాగిస్తే బరువు వచ్చేస్తుంది. పెద్దక్క తుల్యభారం నలభై అయిదు వేసింది. కానీ సీసాలో ఉన్నవి స్ఫటికాలు. వాటిలో ఇమిడిన నీటిని కూడా కలుపుకుని అరవై మూడు వెయ్యాలి. అప్పుడు 1.575 గ్రాములు.

ఈ ల్యాబ్‌లో ఒకరు కట్టిన లెక్కను ఇంకొకరు సరిచూసి తూచాలి. తప్పుంటే మేనేజర్‌కు చెప్పాలి.

“అక్కా, ఒకసారి చూసుకున్నావా?”

“చూసేదేముందే! ఈ లెక్కలతోనే జుట్టు నెరిసింది. కళ్ళే సరిగా ఆనట్లేదు. ఇంకో తప్పు దొరికిందంటే నన్ను ఇంటికి పంపేస్తాడు మీ మేనేజరు.”

పెద్దక్క నవ్వింది. ట్రైనీకి నవ్వు రాలేదు. తమ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తను. డిగ్రీ ఉందన్నమాటే గానీ, బ్యూరెట్ సరిగ్గా పట్టుకోవడం నేర్పింది పెద్దక్కే.

నోరు మూసుకుని 1.575 తూచింది. ఫ్లాస్కులో కరిగించి గీత దాకా నీళ్ళు నింపింది. లేబుల్ మీద మాత్రం పెద్దక్క చెప్పిన అంకే వేసి, సరిచూశానని సంతకం పెట్టింది. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే పెద్దక్కను గట్టెక్కించింది.

సాయంత్రం మేనేజర్ ఇద్దర్నీ పిలిచాడు.

“ద్రావణం బలం పరీక్షించి చూశాను. సరిగ్గా పదోవంతు నార్మల్ వచ్చింది.”

ట్రైనీ ఊపిరి పీల్చుకుంది.

“అదే నా అనుమానం. లేబుల్ మీది బరువుతో అంత రాదే! ఎవరిదమ్మా ఈ లెక్క?”

పెద్దక్క తనకేం పట్టనట్టు కిటికీలోంచి బయటికి చూస్తోంది. ‘నాదే’ అని ఒక్క మాట అనదేం? ట్రైనీ లేబుల్ మీది తన సంతకం వైపు చూసింది. ఈ వారమే తన ఉద్యోగం ఖాయం కావాలి.

అయినా తెగించింది. “నాదే సార్. పెద్దక్కకు ఏమీ తెలీదు.”

మేనేజర్ పెద్దక్క వైపు తిరిగాడు.

“చెప్పానుగా సార్, నేను కావాలని తప్పు లెక్క ఇచ్చిన మూడుసార్లూ ఇలాగే కప్పిపుచ్చింది, ఈ పిల్లని ఖాయం చెయ్యొద్దు,” అంది పెద్దక్క.