ఒక్క రోజు ఎండ

ఆ ఊళ్లో మేడల మీద పడే ఎండంతా ఒక కరెంటు కంపెనీకి అమ్ముడుపోయి చాలా ఏళ్లయింది. వాళ్లు మేడ నిండా నల్లటి పలకలు పరిచి ఎండను పట్టుకుపోతారు. బదులుగా ఇంట్లో ఒక గదికి చల్లగాలి వదులుతారు. యశోద ఇంట్లో వేసవంతా ఆ ఒక్క గదిలోనే గడిచిపోతుంది.

సెలవులకు వచ్చిన ఆడపడుచు పిల్లలిద్దరూ "అత్తా, ఊటీ వెళ్దామా?" అని పొద్దస్తమానం అడుగుతున్నారు. చాకిరీతో అలిసిన యశోదకు కాదని చెప్పే ఓపిక కూడా లేదు.

"ఒక్కరోజు పలకలు మడిచెయ్యవే. పిల్లలతో సగ్గుబియ్యం వడియాలు పెట్టిద్దాం" అంది అత్తగారు తిరుపతమ్మ.

"మడిస్తే ఆ రోజంతా గాలి ఆపేస్తారత్తయ్యా. ఉడికి చస్తాం."

"చల్లగా కూర్చుని మాత్రం ఏం ఊడబొడిచాం? వానాకాలం కూరల ఖర్చన్నా కలిసొస్తుంది."

ఆ మాటకు యశోద తలొగ్గింది. తెల్లారగానే పలకలు మడిచి, తడి చీర పరిచి వడియాలు పెట్టారు. పిల్లలు మొదట ఎండకు బెదిరారు. తర్వాత అమ్మమ్మతో ఒకే గొడుగు కింద కాపలా కూర్చున్నారు.

సాయంత్రం యశోద పైకి వెళ్లేసరికి చీర సగానికి పైగా ఖాళీ.

"కాకులొచ్చాయా?"

"కాదత్తా, పచ్చివే బాగున్నాయి. అమ్మమ్మే మొదలెట్టింది!"

తిరుపతమ్మ గబగబా మూతి తుడుచుకుంది.

గాలీ పోయింది, వడియాలూ పోయాయి. యశోద పిట్టగోడకు చేరగిలబడి కళ్లు మూసుకుంది. కింద గది పొయ్యిలా ఉన్నా, ఆ పూట ఊటీ మాట ఎవరూ ఎత్తలేదు.

"రేపు కూడా పెడదామా అత్తా?"

యశోద నడుము పట్టుకుని లేచి, వంటింట్లోకి వెళ్లి మళ్లీ సగ్గుబియ్యం నానబోసింది.